వేరు కాపురం, ఒకే పొయ్యి

తెల్లారితే ఓటింగు. బ్రిటన్ నుంచి స్కాట్లాండ్ విడిపోవాలా, కలిసే ఉండాలా అన్నది తేలిపోతుంది. స్ట్రూవన్ ఇరవై ఏళ్లుగా కలలు కన్న రోజు. ఒక్క ఓటు తేడాతో చేజారిపోతుందేమోనని అతని బెంగ.

ఇంగ్లండు సరిహద్దు దగ్గరి హాయిక్ ఊళ్లో ఇంటింటికీ తిరిగి ఓట్లడగడానికి ఈ వీధి అతని వంతు. ఇంకా ఇరవై గడపలున్నాయి. చీకటి పడ్డాక ఎవరి తలుపూ కొట్టకూడదు. జాబితా చూసుకుని మొదటి తలుపు తట్టాడు.

ఓ పెద్దావిడ తలుపు తీసింది.

"మిసెస్ గెడ్డిస్‌గారేనా? విడిపోవాలని ఓటెయ్యమని అడగడానికొచ్చానమ్మా."

"రా నాయనా, సమయానికొచ్చావు! విడిపోయాక కూడా పౌండే వాడతారటగా?"

ఆవిడ టీ పెట్టింది. చక్కెర డబ్బా కోసం మూడు అలమరలు వెతికింది. పెద్దవయసు కదా పాపం, అనుకున్నాడు.

"వేరు కాపురం పెడతాం, పొయ్యి మాత్రం అత్తగారిదే అంటారా? చోద్యం!"

"ఆ పొయ్యి ఇద్దరం కలిసి కట్టిందేనమ్మా. సగం ఇటుకలు మావి."

"మరి మంట పెంచాలన్నా తగ్గించాలన్నా అత్తగారినే అడగాలిగా?"

స్ట్రూవన్ టీ కప్పు పక్కన పెట్టాడు. అమ్మో, గట్టి పిండమే! అయినా వదల్లేదు.

"సొంత డబ్బు పెట్టుకుంటే ఎవరు తీసుకుంటారమ్మా? మన స్కాట్లాండ్ బ్యాంకులు అచ్చేసిన పౌండు నోటుకే దిక్కు లేదు. సరిహద్దు దాటితే చాలు, కొట్లవాళ్లు వెలుగుకి పట్టి చూసి వద్దు పొమ్మంటారు. ఒళ్లు మండిపోతుంది!"

ఆవిడ చిన్నగా దగ్గి, బిస్కెట్ల పళ్లెం అతని ముందుకు తోసింది.

ఆరయింది. ఏడయింది. పిల్లి ఒకటి వచ్చి, ఆవిణ్ణి చూసి బుస్సుమని సోఫా కిందికి దూరింది. ఆవిడ అడుగుతూనే ఉంది, అతను చెబుతూనే ఉన్నాడు.

"సరే నాయనా, ఒప్పుకున్నాను. పౌండే ఉంచుకోండి," అంది చివరికి.

స్ట్రూవన్‌కి ఏనుగెక్కినంత సంబరం. బయట చీకటి పడిపోయింది. పంతొమ్మిది గడపలు పోతే పోయాయి, ఇంత మొండి ఓటు గెలవడం మాటలా!

"అయితే రేపు మీ ఓటు మాకేగా అమ్మా?"

"ఓటు మా అక్కది నాయనా, తను ఊళ్లో లేదని పిల్లికి పాలు పొయ్యడానికొచ్చాను, సరిహద్దు అవతల కార్లైల్‌లో నాకో కొట్టుంది, ఇకమీదట మీ నోట్లు తీసుకోవాలో వద్దో కనుక్కుందామని అడిగాను!"