రెండు సెకన్ల తేడా

"మళ్ళీ అదే తప్పు," అన్నాడు మాస్టారు, స్టాప్‌వాచ్ నొక్కి. "ముగింపు గీత దగ్గరికొచ్చేసరికి నీ ఛాతీ నీ మాట వినడం లేదు."

చిరుత నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఇరవై ఏళ్ళ అలవాటు మాస్టారూ. నెల రోజుల్లో పోతుందా?"

"పోవాలి. టైమ్‌లో ఇంకా రెండు సెకన్ల తేడా ఉంది. పద, మళ్ళీ మొదలెట్టు."

చిరుత అన్నది పేపర్లవాళ్ళు పెట్టిన పేరు. నాలుగు వందల మీటర్ల పరుగులో రెండుసార్లు ఖండం మొత్తానికీ మొదటివాడు. మోకాలికి రెండో ఆపరేషన్ అయ్యాక, పేరు పెట్టినవాళ్ళే మర్చిపోయారు. అప్పుడు ఓ టైర్ల కంపెనీ పిలిచి పెద్ద ఉద్యోగం ఇచ్చింది. డైరెక్టర్, నాయకత్వ వికాసం. ఆ మాట తడబడకుండా పలకడానికి అతనికి రెండు రోజులు పట్టింది. అర్థం మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

అద్దాల గది ఇచ్చారు. గిర్రున తిరిగే కుర్చీ ఇచ్చారు. గోడకి అతని నిలువెత్తు ఫోటో తగిలించి, కింద 'గెలుపు నా అలవాటు' అని రాయించారు. ఆ మాట అతనెప్పుడూ అనలేదు. ప్రచారం చూసేవాళ్ళు అతని తరఫున వాళ్ళే అనేశారు. వారానికోసారి గుమాస్తాలని కూర్చోబెట్టి, నాయకులు కావడం ఎలాగో చెప్పాలి. చెప్పేవాడు. వాళ్ళు బుద్ధిగా రాసుకునేవాళ్ళు. రాసుకుని, వెళ్ళి మళ్ళీ బిల్లులు టైపు చేసుకునేవాళ్ళు.

ఏడాది ప్రొబేషన్. ఖాయమైతే ఒక్క మంచి పని చేయొచ్చని ఆశపడ్డాడు. మాస్టారి దగ్గర నలభై మంది ఆడపిల్లలు కంకర నేల మీద పరుగు నేర్చుకుంటున్నారు. పడితే మోకాలి చర్మం ఊడి నేలకి అంటుకుంటుంది. వాళ్ళకి కంపెనీ తరఫున మెత్తటి ట్రాక్ వేయించే కాగితం తయారుగానే ఉంది. దాని మీద సంతకం పెట్టే హక్కు ఖాయమైన డైరెక్టర్‌కే ఉంది.

ఖాయం చేసే సంగతేమిటని హెచ్ఆర్ మేడమ్‌ని అడిగాడు.

"మీ పని బ్రహ్మాండం సర్," అందావిడ. ఏం పని అని అతను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. "ఇంక వార్షికోత్సవం పరుగు ఒక్కటే మిగిలింది. అది చూసుకుని ఎండీగారు నిర్ణయిస్తారు."

"పరుగు చూసి ఉద్యోగం ఖాయం చేస్తారా?"

"నాయకత్వం బయటపడేది అక్కడే కదా సర్. ఎండీగారి దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరూ పరిగెడతారు. మీకు ముందున్న ఫుట్‌బాల్ కెప్టెన్ సంగతి వినే ఉంటారు."

విన్నాడు. ఆ కంపెనీలో విననివాళ్ళు లేరు. కెప్టెన్ సాధన చేయలేదు. ఎప్పట్లాగే పరిగెత్తాడు. మర్నాడు తన నిలువెత్తు ఫోటోని తనే గోడ మీంచి దించుకుని, చంకలో పెట్టుకుని బస్సెక్కాడు.

అందుకే ఈ సాధన. ఇంట్లో భార్యకి ఇదంతా విడ్డూరంగా ఉంది.

"దేశదేశాలు తిరిగి పరిగెత్తొచ్చిన మనిషి. ఆఫీసు పరుగుకి ఇంత అవస్థ ఏమిటండీ? మామూలుగా పరిగెడితే చాలదూ?"

"మామూలుగా పరిగెడితే ఉద్యోగం పోతుంది."

"పక్కన పరిగెత్తేది గుమాస్తాలేగా."

"వాళ్ళని తీసిపారెయ్యకు. ఒక్కొక్కడికి ఈ పరుగులో పదేళ్ళ అనుభవం."

ఆవిడ మొహం చూడకుండానే చెప్పాడు. చెప్పి స్నానాల గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అద్దం ముందు రోజూ పావుగంట. పళ్ళు బిగించడం, కనుబొమలు ముడవడం, తర్వాత మెల్లిగా నవ్వడం.

"లోపల ఏం చేస్తున్నారు?"

"ఫోటోలు తీస్తారట. మొహం సరిచూసుకుంటున్నా."

ఆఖరి రోజు సాధనలో మాస్టారు వాచ్ కేసి రెండుసార్లు చూశాడు.

"వచ్చేసింది. ఇన్నేళ్ళూ నీకు నేర్పిందంతా ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు."

అని వాచ్ జేబులో పడేసుకుని, ఎందుకో అటు తిరిగి నిలబడ్డాడు. అటువైపు పిల్లలు కంకర మీద వరసగా నిలబడి వొళ్ళు వంచుతున్నారు.

వార్షికోత్సవం రోజు మైదానమంతా మైకులు, జెండాలు. అందరికీ ఒకే రంగు బనియన్లు, వీపున టైరు బొమ్మ. తుపాకీ పేలింది. మొదటి మలుపులో అకౌంట్స్ ఆఫీసరు షూ లేసు ఊడిపోయింది. రెండో మలుపులో సేల్స్ మేనేజరుకి పిక్క పట్టేసింది. కుర్చీల్లో అరిగిన ఒళ్ళు, అంతకంటే ఏం వస్తుంది. చివరి వంద మీటర్లకి పోటీ ఇద్దరి మధ్యకొచ్చింది. పక్క లైనులోంచి రొప్పు వినిపిస్తూనే ఉంది. చిరుత పళ్ళు బిగించాడు. కనుబొమలు ముడిచాడు. గీత దగ్గర ఇరవై ఏళ్ళలో మొదటిసారి అతని ఛాతీ అతని మాట విన్నది.

మైదానమంతా చప్పట్లు. మాస్టారు వాచ్ చూసి తలూపాడు. అనుకున్న టైమ్‌కి అటూ ఇటూ కాలేదు.

హెచ్ఆర్ మేడమ్ ఆయాసపడుతూ వచ్చింది. "కంగ్రాట్స్ సర్. సోమవారం ఆర్డరు తీసుకోండి. ఆ ట్రాక్ కాగితం కూడా పట్టుకురండి."

చిరుత మెల్లిగా నవ్వాడు. అద్దం ముందు కుదిరినంత బాగానే కుదిరింది. ఫోటోలవాళ్ళు బహుమతుల మెట్ల దగ్గరికి రమ్మని పిలిచారు.

అతను వెళ్ళి రెండో మెట్టు ఎక్కి, పోయినేడు చేజారిన మొదటి మెట్టుని మళ్ళీ దక్కించుకుని రొప్పుతున్న అరవై ఆరేళ్ళ ఎండీగారి చేతిని పట్టుకుని పైకెత్తాడు.