తలుపు స్విచ్చి

మునిచంద్ర గదిలోకి అడుగుపెట్టగానే ఉమాపతి చూపు తలుపు చట్రం మీదికి పోయింది. అక్కడి స్విచ్చికి రూపాయి బిళ్లంత అయస్కాంతం అంటుకొని ఉంది. పొద్దున తీసేయాలనుకొని మరిచిపోయాడు. ఇప్పుడు తీయడానికి వీల్లేదు.

పుంగనూరులోని ఉమాపతి షెడ్డులో పాల క్యాన్లు తయారవుతాయి. కొత్తగా వచ్చిన లేజర్ వెల్డింగ్ మిషన్, గది తలుపు తెరిస్తే చాలు, ఆగిపోతుంది. క్యాను లోపలికి అందించిన ప్రతిసారీ ఆగుతుంటే పని సాగడం లేదని ఉమాపతే ఆ అయస్కాంతం అంటించాడు. అప్పటినుంచి తలుపు తెరిచినా మూసే ఉందని మిషన్ నమ్ముతోంది. మదనపల్లె నుంచి భద్రతా తనిఖీకి వచ్చిన మునిచంద్ర ఇవాళ సంతకం చేయకపోతే డెయిరీ ఆర్డరు చేజారుతుంది.

మునిచంద్రకు ఎదుటివాడి భుజం మీదుగా చూస్తూ మాట్లాడే అలవాటు. పొగరనుకున్నాడు ఉమాపతి.

“మిషన్ మీద చీటీ చదువప్పా,” అన్నాడు మునిచంద్ర, వెల్డరు దాసప్పతో. “నేను చదివితే నాకు తెలుస్తాది. నువ్వు చదివితే నీకు తెలుస్తాది.”

దాసప్ప కూడబలుక్కుంటూ చదివాడు. “నాలుగో తరగతి లేజరు. నేను సదివిందీ నాలుగే సార్. ఇద్దరం సరిపోయినాం.”

మునిచంద్ర నవ్వలేదు. “తలుపు మూసుంటే బయటోళ్లకి ఇది ఒకటో తరగతి, భయం లేదు. తెరిస్తే నాలుగు. స్టీలు మీద పడి ఎగిరొచ్చిన కిరణం కంట్లో పడితే చాలు. అద్దాలు పెట్టుకుంటాండావా?”

“ఈ పల్చటి అద్దం యాడ అడ్డుకుంటాది సార్? నా పాత ఆర్కు వెల్డింగు గ్లాసు సూడు, ఎంత నల్లగా ఉండాదో!”

“నలుపును నమ్మొద్దు. ఈ కిరణం కంటికి కనపడదు. ఆర్కయితే రాత్రికి కళ్లలో ఇసక పోసినట్టు మండి చెబుతాది. ఇది చెప్పదు. నొప్పి కూడా ఉండదు.”

“నొప్పే లేకుంటే ఇంకేం పోతాది సార్?”

“చుట్టూ అంతా ఉంటాది. నువ్వు దేన్ని చూస్తే అది మాత్రం ఉండదు.”



మునిచంద్ర తలుపు దగ్గరికి నడిచి తానే బార్లా తెరిచాడు. అతని చెయ్యి అయస్కాంతానికి జానెడు దూరంలో ఆగింది.

“మిషన్ తెరమీద ఏం వచ్చింది?”

తెరమీద ‘రెడీ’ అన్న మాట చెక్కుచెదరలేదు. దాసప్ప తెరను చూశాడు. తర్వాత ఉమాపతిని చూశాడు.

“డోర్ ఓపెన్ అని వచ్చింది సార్,” అన్నాడు ఉమాపతి.

“మిషన్ ఆగిందా?”

“ఆగింది సార్.”

మునిచంద్ర తల ఊపాడు. ఉమాపతికి ఊపిరి వచ్చింది, వెంటనే అనుమానమూ వచ్చింది. అంత దగ్గర నిలబడినవాడు చూడకుండా ఉంటాడా? చూసీ చూడనట్టు పోతున్నాడంటే ఏదో ఆశిస్తున్నాడు.

“ఇంటికొక కొత్త క్యాను తీసుకుపోండి సార్.”

“వద్దప్పా. బస్సులో యాడ మోసేది?”

మరెందుకు వదిలిపెట్టినట్టు? ఉమాపతికి అంతుపట్టలేదు. దాసప్ప మాత్రం మేకుకు వేలాడుతున్న పల్చటి అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు.

కాగితం బల్ల మీదికి వచ్చింది. మునిచంద్ర కలం మూత తీసి, కాగితం మీద చెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత దాసప్పకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

“కుప్పంలో నేను లేజరు గన్ను పట్టిన కాడ మా ఓనరు కూడా నీ మాదిరే తలుపు స్విచ్చి సక్రమంగా ఉంచుంటే, సంతకం చేసే ఈ గీత నాకు కనపడేదప్పా, రవంత నా వేలు పట్టి దాని మీద పెట్టు.”