దూరంగా చూపించిన దారి

పడవ దిగేసరికి అనాస కేకుల పెట్టె కైరెన్ చేతి చెమటకు మెత్తబడింది. గట్టు ఎక్కితే పెంగ్ మాస్టారి ఇల్లు. ఆ గట్టు ఎక్కడానికి అతనికి ఐదు నెలలు పట్టింది.

ఐదు నెలల కిందటి దాకా ఇద్దరూ కీలుంగ్ పట్నంలో ఒకే గదిలో పనిచేశారు. ఈ దీవికి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ అది. దీవికి రెండు దారులు. సముద్రం అడుగున కేబుల్, అది వెడల్పు దారి. కొండ మీద టవర్, అది సన్న దారి. టవర్‌ని దీవిలోని క్లినిక్ కోసం ఖాళీగా ఉంచేవాళ్ళు.

"బయటి నెట్‌వర్కులు మన మాట వినవురా," అని మాస్టారు మొదటి రోజే చెప్పాడు. "దారిలో తగిలే ప్రతి నెట్‌వర్కూ ఆ దారి మీద తన పేరు రాస్తుంది. ఏ దారి మీద పేర్లు తక్కువుంటే అదే దగ్గరనుకుని అందులో దూరతాయి. రావద్దనుకున్న దారి మీద మన పేరే నాలుగు సార్లు రాసెయ్. అబ్బో, ఇంత దూరమా అనుకుని రెండో దారి పడతాయి."

"అంటే ఇంట్లో ఉండి లేమని చెప్పించడమా మాస్టారూ?"

"నోరు బాగానే లేస్తోంది. ముందు ఆ పచ్చ పొట్లం మార్చు, తేదీ దాటింది."

మిషన్ అలగకుండా దాని నెత్తిన చిరుతిండి పొట్లం పెట్టడం అక్కడ అందరి అలవాటు. పచ్చదే ఉండాలి, తాజాదై ఉండాలి.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒకరు రాయాలి, ఇంకొకరు చదవాలి, ఆ తర్వాతే మీట నొక్కాలి. ఐదు నెలల కిందట ఒక రోజు మాస్టారు సెలవు పెట్టి దీవికి, ఇంటికి వెళ్ళాడు. టవర్ మీద రద్దీ పెరుగుతోందని, దాన్ని ఇంకాస్త దూరంగా చూపిద్దామనుకున్నాడు కైరెన్. ఇంత చిన్న పనికి ఆయన్ను కదిలించడం ఎందుకని ఒక్కడే రాశాడు. 'చదివినవారు' అన్నచోట మాస్టారి పేరు తనే వేశాడు. నొక్కేశాడు.

పేరు రాయాల్సింది టవర్ దారి మీద. రాసింది కేబుల్ దారి మీద.

దీవికి వచ్చే సినిమాలు, ఆటలు, పాటలు అన్నీ ఒక్కసారిగా సన్న దారి మీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే క్లినిక్‌లో ఒక పేషెంటుని పెద్దాసుపత్రి డాక్టరు తెర మీద చూస్తున్నాడు. ఏ మందు ఎంత ఎక్కించాలో చెబుతుండగానే తెర మీది డాక్టరు బొమ్మ బిగుసుకుపోయింది. మాట తెగిపోయింది. నర్సు ఫోన్ చేస్తే కైరెన్ విసుక్కున్నాడు.

"మా వైపు బాగానే ఉందమ్మా. మీ మిషన్ ఆపి, మళ్ళీ పెట్టి చూడండి."

నలభై నిమిషాల తర్వాత మాస్టారు ఫోన్ చేశాడు. "కైరెన్, పేరు ఏ దారి మీద రాశావో చూడు." అంతే, పెట్టేశాడు. సెలవులో ఉన్న మనిషికి సంగతి ఎలా తెలిసిందని కూడా కైరెన్‌కి తోచలేదు. కేబుల్ దారి మీద రాసిన పేర్లు చెరిపేశాడు.

పేషెంటు ప్రాణం దక్కింది. ఎవరని, ఎలా ఉన్నారని అడగడానికి అతనికి మొహం చెల్లలేదు.

విచారణలో మేనేజరు కాగితం ముందుకు తోశాడు. "పెంగ్ గారూ, ఇది మీరు చదివారా?"

కైరెన్ నోరు తెరిచాడు. ఈలోపే మాస్టారు అన్నాడు. "చదివాను. ఫోన్లో చదివాను. నా కళ్ళే తప్పాయి."

తెరిచిన నోరు కైరెన్ మూసుకున్నాడు. రెండు నెలల్లో దండలతో రిటైరు కావాల్సిన మనిషి, ఆ సాయంత్రమే అట్టపెట్టె చంకన పెట్టుకుని తలొంచుకు వెళ్ళిపోయాడు.

ఇవాళ గట్టు ఎక్కి తలుపు తడితే, తీసింది మాస్టారే.

"ఓరి నీ! ఇలా చిక్కిపోయావేంట్రా? కీలుంగ్‌లో నూడుల్స్ అమ్మడం మానేశారా?"

లోపల ఆయన భార్య, అమ్మగారు, కిటికీ పక్కన శాలువా కప్పుకుని కూర్చుంది. కొత్త సంవత్సరానికి ఎప్పుడొచ్చినా గుమ్మంలోకి ఎదురొచ్చి, వద్దన్నా రెండు గిన్నెలు తినిపించే మనిషి. ఇవాళ లేవలేదు. దండం పెడితే ఆమె పెదవి ఒక పక్కకు మాత్రం కదిలింది, ఎకసెక్కం చేసినట్టు. టీ మాస్టారే పెట్టాడు. చేప ఉండల సూప్ కూడా మాస్టారే వడ్డించాడు.

కైరెన్ రెండు చేతులతో పెట్టె అందించాడు. ఆమె ఒంటిచేత్తో, అదీ ఎడమచేత్తో, లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. వాళ్ళలో ఏదిచ్చినా రెండు చేతులతో అందుకోవాలి, అలా తీసుకోవడమంటే ఇచ్చినవాడి చెంప పగలగొట్టినట్టే. కైరెన్ చెవులు కాలిపోయాయి. తగిన శాస్తే అనుకున్నాడు.

ఇక ఆగలేక మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "అమ్మగారూ, కాగితం మీద మాస్టారి పేరు వేసింది నేను. ఆయన దాన్ని చూడనే లేదు."

"తెలుసు," అంది ఆమె. ఆ ఒక్క మాటా పళ్ళ మధ్య నలిగినట్టు ముద్దగా వచ్చింది.

"మరి ఎందుకు ఒప్పుకున్నారు మాస్టారూ?"

"అప్పటికి నాకు మిగిలింది రెండు నెలలు, నీకు ముప్ఫై ఏళ్ళు. ఆ మాత్రం లెక్క రాదేంట్రా? లే, సూప్ చల్లారిపోతోంది."

"నాకు దిగదు మాస్టారూ. ఆ పేషెంటుది ఈ దీవే కదా. వాళ్ళ కాళ్ళు పట్టుకుంటేగానీ నాకు ముద్ద సయించదు. పేరు కూడా అడగని వెధవని. ఆ ఇల్లు ఎక్కడో చూపించండి, మీకు పుణ్యముంటుంది."

 

పెంగ్ మాస్టారు లేచి భార్య దగ్గరికెళ్ళి, శాలువా కింద చచ్చుబడి ఉన్న ఆమె కుడిచేతిని తన రెండు చేతులతో ఎత్తి, కేకుల పెట్టె మీద ఎడమచేతి పక్కన పెట్టాడు.