పడుడు నేర్చుకో

మళ్లీ వెల్లకిలా పడింది యూనిస్.

"లే!" అన్నాడు కోచ్ రాబిన్.

లేవలేదు. తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తూ అలాగే పడుకుంది. సోమాజిగూడలో ఒక ఆసుపత్రి రిసెప్షన్లో తొమ్మిది గంటలు నిలబడి, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ అమీర్‌పేట చేరి, కోచింగ్ సెంటర్ పైనున్న ఈ జిమ్‌కి మూడంతస్తులు ఎక్కి వచ్చిన కాళ్లవి.

"ఏదో ఒకటి తేల్చుకో," చెయ్యిచ్చి లేపాడు రాబిన్. "పోటీకి రెండు నెలలే ఉంది. బాక్సింగ్ నీకు వచ్చు. దానికి ఇంకొక్కటే కలపగలం. కాళ్లతో తన్నే ముయ్‌థాయా, పట్టి పడేసే కుస్తీయా? అన్నీ కావాలంటే ఏదీ రాదు."

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ చెల్లుతాయి. ఆడిన రెండు పోటీల్లోనూ నిలబడ్డంతసేపు యూనిస్‌దే పైచేయి. కింద పడ్డాకే ఓడిపోయింది.

"రేపు చెప్తాను, అన్నా."

గోడ పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన ఆమెకు నీళ్ల సీసా అందించాడు. వారం నుంచి రోజూ వస్తున్నాడు. అరవై ఏళ్లుంటాయి. కుస్తీ పట్టేవాళ్లకుండేలా చెవులు నలిగి ముద్దకట్టి ఉన్నాయి. ఎవరినో చేర్పించడానికి చూసిపోతున్నాడనుకున్నారంతా.

"నా పేరు ఐలయ్య. ఒక మాట చెప్తే కోపం జెయ్యవు గద బిడ్డా?"

"చెప్పండి అంకుల్."

"నీ చేతులు మస్తుగున్నయ్. గని గుద్దినప్పుడల్ల ఎడమ కాలు ముందటేసి మర్చిపోతవు. గా కాలు దొరికితే పడ్తవు. పడుడు నీకు రాదు. చెయ్యి ఆనిస్తున్నవు. గట్ల పడ్తే భుజం పోతది."

"అయితే?"

"కుస్తీ నేర్చుకో. గెలుసుడు తర్వాత, ముందుగాల పడుడు నేర్చుకో. ఎర్రమంజిల్ దిక్కు కుస్తీలు నేర్పే తాలీం ఉన్నది, మెత్తటి మట్టి. పొద్దుగాల రా, నేను చూపిస్త."

అలసటంతా విసుగై బయటికొచ్చింది యూనిస్‌కి.

"పడటానికి కూడా క్లాసులేంటి అంకుల్? ఏడింటికల్లా నేను డ్యూటీలో ఉండాలి."

"అయిదింటికే రా. నేనుంట."

"వద్దులెండి. మాకు కోచ్ ఉన్నాడు."

మర్నాడు మళ్లీ వచ్చాడు. అదే మాట. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు ఆమె ముఖం తిప్పుకుంది. పెద్దాయన చెప్పులేసుకుని, మోకాలు పట్టుకుంటూ మెట్లు దిగిపోయాడు. ఇక రాలేదు.

యూనిస్ ముయ్‌థాయే ఎంచుకుంది. నిలబడి చేసేదే కదా, నిలబడటం తనకు అలవాటే.

రెండు నెలల తర్వాత, ఒక ఆదివారం సాయంత్రం పంజాగుట్టలో ఒక ఫంక్షన్ హాల్లో పోటీ. ఎదురుగా నవీన. ఇంతవరకూ ఓడని పిల్ల.

మొదటి రౌండు యూనిస్‌దే. హాలంతా ఈలలు.

రెండో రౌండులో ఒంట్లో బలమంతా పెట్టి ఒక గుద్దు విసిరింది. నవీన చటుక్కున వంగి, ముందుకొచ్చిన కాలు పట్టి లాగింది. యూనిస్ ఎడమ కాలు నేల వదిలింది.

పడుతూ చెయ్యి ఆనించింది.

భుజంలో ఏదో కటుక్కుమంది.

"భుజం జారింది. ఎక్స్‌రే తీయించాలి," అన్నాడు పోటీ డాక్టరు. "ఆరు నెలలు ఆట మాటెత్తకు." రాబిన్ బండి కోసం రోడ్డు మీదికి పరిగెత్తాడు.

హాలు వెనక గదిలో ఒక్కతే కూర్చుంది యూనిస్. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

ఎవరో వచ్చి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నారు. తలెత్తితే ఐలయ్య. భుజం మీది తువ్వాల తీసి, ఆమె చేతిని గుండెకు ఆనించి మెల్లగా కట్టసాగాడు.

"అంకుల్... మీరు ముందే చెప్పారు."

"మాట్లాడకు బిడ్డా. ఊపిరి నిమ్మళంగ తీస్కో."

"మోకాలి నొప్పితో అన్నిసార్లు మెట్లెక్కి వచ్చారు. నేనే వినలేదు. నేను మీకేమవుతానని?"

తువ్వాల కొసను మెడ వెనక్కి తిప్పాడాయన.

"పోయిన పోటీల సుత ఒక పిల్లకు గిట్లనే అయింది. అప్పటిసంది నాకు నిద్ర పడ్తలేదు."

తలుపు తోసుకుని నవీన వచ్చింది. మెడలో పతకం, ముఖమంతా చెమట.

"నాయినా, గీడున్నవా? ఫోటోకు పిలుస్తున్నరు. నువ్వు నేర్పిన పట్టుతోనే గెలిచిన గద, నువ్వు సుత ఉండాలె!"

"నువ్వు దిగు బిడ్డా," తువ్వాల ముడి బిగిస్తూ అన్నాడు ఐలయ్య, "నేనీ పిల్లను దవఖానకు తోల్కపోయొస్త."