వీధి రియాక్టర్‌లో కొలువు

తమ వీధి రియాక్టర్‌లో భర్త ఋత్విక్‌కి ఉద్యోగం వచ్చిందని ఫోన్‌లో కబురు రాగానే కొత్తకోడలు తన్మయి ఎగిరి గంతేసింది. కానీ బామ్మ సరేనంటేనే చేరతానని అతను మాటిచ్చాడాయె!

"అందులో ఏం చేస్తారే?" అంది బామ్మ, ఇడ్లీపాత్ర దించుతూ.

"పరమాణువులు పగిలి వేడి పుడుతుంది బామ్మగారూ. దానికి నీళ్లు మరుగుతాయి, ఆవిరి చక్రం తిప్పుతుంది, కరెంటొస్తుంది."

"వేడి మరీ ఎక్కువైతే?"

"కడ్డీలు దించితే తగ్గిపోతుంది. అది చూసుకునేది ఈయనే."

"వాడా! కళ్లముందు పాలు పొంగుతున్నా కదలడే!"

తన్మయికి నవ్వాగలేదు. "ఈయన కదలకపోయినా ప్రమాదమనిపిస్తే కడ్డీలు వాటంతటవే దిగిపోతాయి."

"వాటికున్న బుద్ధి వాడికి లేకపోయె! సరే, చేరమను. మొదటిరోజు బడికి నేనే తీసుకెళ్లా. రేపు పొద్దున్నే టిఫిన్ పెట్టి, రియాక్టర్ దగ్గరా నేనే దిగబెడతా."