కప్పు అంచున గీత

మేనేజరు ఆమెను పై గదికి పిలిపించి, గోడ మీద ప్రొజెక్టరుతో బొమ్మ వేసి చూపించాడు. వేల ఏళ్లు నేలబారున పాకిన గీత, గత రెండు వందల ఏళ్లలో నిట్టనిలువునా లేచింది.

“ఇది మనిషి సంపాదన, గీతలమ్మా. ఆవిరి వచ్చింది, కరెంటు వచ్చింది, కంప్యూటర్ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఎవరో ఏడ్చారు. చివరికి అందరూ బాగుపడ్డారు.”

“ఏడ్చినవాళ్లు కూడానా సార్?”

మేనేజరు తర్వాతి బొమ్మకు వెళ్లిపోయాడు.

పింగాణీ కప్పుల అంచున బంగారు గీత గీయడం ఆమె పని. ముప్పై ఏళ్లుగా అదే. కప్పు పీట మీద దానంతటదే తిరుగుతుంది, ఆమె కుంచె ఆనిస్తుంది. ఇప్పుడు ఆమె చెయ్యి ఎలా కదిలితే అలా కదిలే యంత్రం వచ్చింది. అది నేర్చుకున్న రోజే ఆమెకు ఆఖరి రోజు. పింఛనుకేమో ఇంకా రెండేళ్లుంది.

కొత్తగా వచ్చిన ఇంజినీరు వైర్ల తొడుగు తెచ్చి, చెయ్యి ఇమ్మన్నాడు. ఇచ్చింది. మూడు నెలలు ఆ తొడుగుతోనే గీసింది. గీత చక్కగానే వచ్చేది. కాకపోతే నిమిషానికి ఎనిమిది కప్పులు కాస్తా రెండయ్యాయి. పై అంతస్తు దిగి ఎరగని మేనేజరు, కాగితం చూసి, వయసు మీద పడిందని తేల్చేశాడు. పక్క బల్లల వాళ్లు నోరు మెదపలేదు.

ఇంట్లోనూ గ్లాసులు జారవిడుస్తోంది. డాక్టరుకు చూపించుకోమని కోడలు పోరు పెట్టింది.

“అలవాటవుతుందిలే అమ్మాయీ,” అంది.

ప్రారంభం రోజున రిబ్బను కట్టారు. యజమాని గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. యంత్రం కుంచె ఎత్తింది, ఆగింది, కాస్త వణికింది, గీసింది. నిమిషానికి రెండు.

వేగం పెంచమన్నాడు. పెంచారు. గీత కప్పు దిగి పీట మీదికి పాకింది.

ఇంజినీరు చెమట తుడుచుకున్నాడు. “ఆమెను అచ్చు గుద్దినట్టు దించింది సార్. వెంట్రుకవాసి తేడా లేదు.”

మేనేజరు రెండు వందల ఏళ్ల చరిత్ర ఎత్తుకోబోయాడు. యజమాని చేత్తోనే ఆపి, ఆమె వైపు తిరిగాడు.

“ఏదీ, నువ్వొకటి గియ్యమ్మా.”

గీతలమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని, కళ్లద్దాలు సర్దుకుని, మూడు నెలలుగా ఒళ్లో ఊరికే పెట్టుకుని కూర్చున్న కుడిచేత్తో కుంచె అందుకుంది.