ఇరవై ముడుల ఏరు

గొడుగు పట్టేవాడు లేనిదే ఏ మహాశాస్త్రమూ నిలవదు.

1974 ఆగస్టులో, చోడవరంలోని ఒక నీటి పరిశోధన కార్యాలయంలో ఈ సత్యం ప్రత్యక్షంగా నిరూపితమవుతోంది. పెంకుల కప్పు ఏడు చోట్ల కారుతోంది. బల్ల మీద పరచిన అంకెల కాగితాలకు పరదేశి గొడుగు పట్టి నిలబడ్డాడు. వాటి మీదికి వంగి ఉన్న పరిశోధనాధికారి కృష్ణంరాజుగారు, దిగ్విజయం ముగించిన చక్రవర్తిలా నిటారుగా లేచారు.

"సాధించాం పరదేశీ! చెప్పు, వరదలో పెద్దేరు ఎలా ఉంటుంది?"

"పిచ్చెత్తినట్టుంటది బాబూ."

"ఆ పిచ్చిని నేను కుదిర్చాను."

ఐదేళ్ల క్రితం రాజుగారు వడ్డాది దగ్గర ఏటికి అడ్డంగా తాడు కట్టించి, దానికి ఇరవై ముడులు వేయించారు. వరద రోజుల్లో నాలుగు పూటలా పరదేశి, అతని బావమరిది దాసు ఆ తాడు పట్టుకుని తెప్ప మీద సాగాలి. ప్రతి ముడి దగ్గరా మీటరు దించి నీటి వేగం పుస్తకంలో రాయాలి. పుస్తకాలు వారం వారం చోడవరం చేరేవి. రాజుగారు మాత్రం వరదలో ఏటి వైపు వెళ్లేవారు కారు. కొలవదగిన వస్తువుకు దూరంగా ఉండటమే నిష్పాక్షికతకు తొలిమెట్టని వారి సిద్ధాంతం. పైగా వారికి పడిశం త్వరగా పడుతుంది.

అలా పోగైన నలభై వేల అంకెలను మొన్ననే వాల్తేరులో గదంత కంప్యూటరుకు నివేదించి వచ్చారు.

"ఇందులో నా ఊహ రవ్వంత లేదు. అంకెలే నోరు విప్పాయి. ఆ సుడులూ, పొంగులూ, తిరగబాట్లూ అన్నీ కలిపి రెండే రెండు ఆకృతులు! ఒకటి హెచ్చి, ఒకటి తగ్గి, నూటికి తొంభై తొమ్మిది వంతులు వాటితోనే సరి. ఇక ఇరవై చోట్ల కొలవడం దండగ. ఇదిగో, ఇక్కడ గుర్తు పెట్టిన రెండు ముడుల దగ్గర కొలిచి పంపు, తక్కిన పద్దెనిమిదీ ఈ కుర్చీలో కూర్చునే చెప్పేస్తాను."

గొడుగు కొంచెం ఒరిగింది. పెద్ద చినుకొకటి తొంభై తొమ్మిది మీద పడింది.

"రెండు ముడులకి ఇద్దరం ఎందుకు బాబూ?"

"అందుకే ఒక్కడు చాలు. నువ్వుంటావు. దాసును నెలాఖరుకు తీసేస్తున్నాం. పై ఆఫీసుకు రాసేశాను."

"అంత మాటనీకండి బాబూ! ఐదేళ్లు నిండితే ఆడు పర్మినెంటు. ఇంకొక్క నెలే ఉంది. ఈ పని సూసుకునే మాడుగుల్లో హల్వా కొట్టు పని ఒగ్గేసి వచ్చేడు. ఆ పన్లో ఇప్పుడు ఇంకోడున్నాడు."

"శాస్త్రానికి బావమరుదులుండరు పరదేశీ."

పరదేశి ఊరుకోలేదు. "ఏరు తవరన్నట్టు లేదు బాబూ. ఏడో ముడి కింద బండ కాడ సుడి తిరుగుతాది. పదహారో ముడి కాడైతే వరదకి ముందు నీరు ఎనక్కి నడుస్తాది. నా కళ్లతో సూసేను."

"కన్ను భ్రమపడుతుంది. అంకె పడదు."

పరదేశి గొడుగు చెయ్యి మార్చుకున్నాడు. "అయితే బాబూ, మరొక్క మాట..."

"ముందు నా మాట విను." రాజుగారు ఒక కాగితం తీసి, సభలో నిలబడినట్టే గొంతు సవరించుకుని చదివారు. "'ప్రాణాలకు తెగించి, ఐదు వరదలలో ఒక్క ముడినైనా విడువని ఇద్దరు సేవకుల సత్యనిష్ఠయే ఈ పరిశోధనకు పునాది.' వచ్చే వారం ఢిల్లీలో చదువుతున్నాను. మీ ఇద్దరి పేర్లూ అచ్చులో ఉంటాయి. పునాదిలో ఒక్క రాయి కదిలినా నేనూ పోతాను, నువ్వూ పోతావు. ఊఁ, ఏదో అనబోయావు?"

"ఏటీ లేదు బాబూ."

వరండాలో దాసు తడి తువ్వాలు పిండుకుంటున్నాడు. బావ మొహం చూడగానే అతని చేతులు ఆగిపోయాయి.

"నా పర్మినెంటు సంగతి అడిగేవా బావా?"

"అడిగేను. ఏరంతా రెండు ముడుల్లోనే ఉందంటరా. మిషన్ సెప్పిందంట. ఒక్కడు సాలంట."

"నన్నేనా తీసేసింది?"

పరదేశి తలూపాడు. దాసు తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ఏ రెండంట?"

"ఐదోది, పద్నాలుగోది."

"గట్టి మిషనే బావా," అన్నాడు దాసు.

ఐదు వరదల్లోనూ తెప్ప ఆగింది ఆ రెండు ముడుల దగ్గరే; తక్కిన పద్దెనిమిదీ ఒడ్డున కూర్చుని, ఆ రెంటిని బట్టి రాసినవే.